మొదటి జీతానికి ముందు, తర్వాత: గుమ్మిడిపూండి డై కాస్టింగ్ యూనిట్‌లో నియామకాలు, నిలుపుదల (కేస్ స్టడీ)

చెన్నైకి ఉత్తరాన, గుమ్మిడిపూండి సిప్‌కాట్‌ (తమిళనాడు ప్రభుత్వ పారిశ్రామికవాడ)లో ఉన్న మధ్య తరహా ఫ్యాక్టరీ ఇది. అల్యూమినియం కరిగించి ప్రెషర్ డై కాస్టింగ్‌లో, అంటే ఒత్తిడితో అచ్చులోకి (డై) నెట్టి, హౌసింగ్‌లు, కవర్లు పోస్తారు. అంచులు గీకి, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత యంత్రం) మీద కొలతకు తెచ్చి, తనిఖీ చేసి పంపుతారు. పనివాళ్లు 340 మంది, షిఫ్టులు మూడు. పేరోల్ మాత్రం అంబత్తూరులోని హెడ్డాఫీసులో నడుస్తుంది. పనివాళ్లలో సగానికి కాస్త తక్కువ మంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు. సత్యవేడు, వరదయ్యపాళెం, తడ, సూళ్లూరుపేటల నుంచి కంపెనీ బస్సులోనో లోకల్ రైల్లోనో వచ్చేవాళ్లు కొందరు, పొన్నేరి, ఆరంబాకం వైపు తరతరాలుగా ఉన్న తెలుగువాళ్లు కొందరు.

ముందే ఒక మాట. ఒకే తీరు ఇబ్బంది ఉన్న యూనిట్లను కలిపి ఒక్కటిగా రాసిన కేసు ఇది. యూనిట్ తాలూకు అంకెలు లెక్క నడిచే తీరు చూపడానికి వేసినవి. పీఎఫ్, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా), చట్టాల అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఫిర్యాదు ఒకటి, లెక్క ఇంకొకటి

మేనేజ్‌మెంట్ ఫిర్యాదు తెలిసిందే: "ఈ కాలం పిల్లలు నిలవరు. శ్రీసిటీలో వెయ్యి ఎక్కువంటే రేపే పోతారు." శ్రీసిటీ అంటే సరిహద్దుకు ఆంధ్ర వైపున్న పారిశ్రామికవాడ. దానికి రుజువుగా చూపింది ఏడాది అట్రిషన్ రేటు, అంటే పని మానేసి వెళ్లేవాళ్ల శాతం. ఆరు నెలల్లో 70 మంది వెళ్లారు, సగటు బలం 340, కాబట్టి ఏడాదికి సుమారు 41 శాతం.

ఈ ఒక్క అంకె పట్టుకుంటే దారి తప్పడం ఖాయం. వెళ్లిన 70 మందిని చేరిన తేదీతో కలిపి విడదీస్తే 54 మంది చేరి 90 రోజులు కూడా కానివాళ్లు. మూడు నెలలు దాటిన పాతవాళ్లలో ఆరు నెలల్లో వెళ్లింది 16 మంది, అందులో 11 మంది సీఎన్‌సీ వాళ్లే. అంటే ఈ ఫ్యాక్టరీలో పనివాళ్లు నిలవకపోవడం అనే జబ్బు ఒకటి కాదు, రెండు. రెండింటికీ ఒకే మందు (అందరికీ ఐదు వందలు పెంచడం) వేస్తే డబ్బు పోతుంది, రెండూ తగ్గవు.

కొత్తవాళ్ల సంగతి చూడాలంటే బ్యాచ్ పట్టిక కావాలి. నెలవారీగా ఎవరు చేరారు, 7వ రోజు, 25వ రోజు, 50వ రోజు, 90వ రోజు ఎంతమంది గేటు లోపల ఉన్నారు. దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు; బయోమెట్రిక్‌లో మొదటి పంచ్, చివరి పంచ్ చాలు. రాజీనామా తేదీ పనికిరాదు, ఎందుకంటే ఇక్కడ రాజీనామా ఎవరూ ఇవ్వరు, రావడం మానేస్తారు. ఆరు నెలల్లో చేరిన 120 మందిలో 90వ రోజుకు మిగిలింది 66. పోయిన 54లో మొదటి వారంలోనే 14, ఎనిమిది నుంచి 25 రోజుల మధ్య 6, 26 నుంచి 50 మధ్య 27, ఆ తర్వాత 7.

మొదటి వారం 14 అర్థమవుతుంది: ఫర్నేసు వేడి, ఎనిమిది గంటలు నిలబడే పని. మరి 26 నుంచి 50 వరకు అంత వెడల్పున 27 మంది ఎందుకు? చేరిన రోజు నుంచి లెక్కపెట్టినంత కాలం ఇది తేలదు. అదే 27 మందిని క్యాలెండర్ తేదీ ప్రకారం పేర్చగానే విషయం బయటపడింది. 21 మంది చివరి పంచ్ ఏదో ఒక నెల 8 నుంచి 13వ తేదీల మధ్య ఉంది. ఇక్కడ జీతం పడేది 7న.

ఎగ్జిట్ ఫారాల్లో మాత్రం కారణం దాదాపు అన్నిట్లో ఒకటే: "ఇంట్లో పని ఉంది." బాకీ జీతం రావాల్సి ఉన్నవాడు సూపర్‌వైజర్ ముందు కూర్చుని నిజం రాయడు. వెళ్లిన నెలన్నర తర్వాత, సెటిల్‌మెంట్ ముగిశాక, ఆ లైన్‌తో సంబంధం లేని తెలుగు మాట్లాడే మనిషి ఫోన్ చేసి మూడే మూడు అడగాలి. ఇప్పుడెక్కడ చేస్తున్నావు? అక్కడ చేతికి ఎంత వస్తోంది? ఇక్కడ చేరేముందు నీకు ఎంతని చెప్పారు? మూడో ప్రశ్న దగ్గరే అసలు సంగతి ఉంది.

పంతొమ్మిది వేలు చెప్పి రెండు వేలు ఇవ్వడం ఎలా జరుగుతుంది

ఫ్యాక్టరీకి మనుషుల్ని తెచ్చే ఏజెంటు ఊళ్లో చెప్పేది సీటీసీ, అంటే ఒక మనిషి మీద కంపెనీకి పడే మొత్తం ఖర్చు. ఎవరూ అబద్ధం చెప్పకుండానే ఇక్కడ మోసం జరిగిపోతుంది. ఈ యూనిట్‌లో ట్రైనీ ఆపరేటర్ లెక్క ఇది: బేసిక్, డీఏ కలిపి ₹12,000, హెచ్ఆర్ఏ ₹2,000, ఇతర అలవెన్స్ ₹2,000, మొత్తం గ్రాస్ ₹16,000. దీని పైన కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం. హెచ్ఆర్ఏ తీసేసి ₹14,000 మీద లెక్కిస్తే ₹1,680. పీఎఫ్ అడ్మిన్, ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో వచ్చే జీవిత బీమా) చార్జీలు చెరి అర శాతం, ₹140. ఈఎస్ఐ కంపెనీ వాటా 3.25 శాతం, ₹520. బోనస్ కోసం పక్కన పెట్టేది నెలకు సుమారు ₹1,000. అన్నీ కూడితే ₹19,340. ఏజెంటు నోట అది "పంతొమ్మిది వేల పైన."

చేతికొచ్చేది వేరు. గ్రాస్ 16,000లో ఉద్యోగి పీఎఫ్ 1,680, ఈఎస్ఐ 0.75 శాతం కింద 120 పోతే ₹14,200. క్యాంటీన్ 600, బస్సు 500 కోస్తే ₹13,100. పూర్తి నెల పనిచేసినా చెప్పినదానికీ వచ్చినదానికీ ఆరు వేల పైచిలుకు తేడా.

మొదటి నెల ఇంకా ఘోరం. అటెండెన్స్ 21 నుంచి 20 వరకు, జీతం తర్వాతి నెల 7న. 11వ తేదీన చేరిన కుర్రాడికి 20 లోపు ఒక ఆదివారం తీసేస్తే 9 రోజులు పడతాయి. నెలకు 26 రోజుల లెక్కన 9 రోజుల గ్రాస్ ₹5,538. పీఎఫ్ 582, ఈఎస్ఐ 42 పోతే 4,914. యూనిఫాం, సేఫ్టీ షూ డిపాజిట్ 1,500. క్యాంటీన్, బస్సు కోతలు రోజులతో పని లేకుండా నెల మొత్తానికీ 1,100. చివరికి ఖాతాలో పడింది ₹2,314. అప్పటికి అతను దాదాపు నెల రోజులుగా పనికి వస్తున్నాడు. 21 నుంచి 30 వరకు చేసిన పని ఎక్కడికి పోయిందో అతనికి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో నాన్నకు ఏం చెప్పాలి? మర్నాటి నుంచి రాడు.

23న చేరినవాడికి 7న ఏమీ రాదు. మార్చి 23న చేరితే మొదటి జీతం మే 7న, అంటే 46వ రోజున. అందుకే పట్టికలో ఆ గుట్ట 26 నుంచి 50 దాకా పరుచుకుంది.

ఇది మనుషుల్ని తరిమేయడమే కాదు, అప్పటి చట్టానికీ నిలవలేదు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1936 నాటి వేతన చెల్లింపు చట్టం ప్రకారం వెయ్యి మంది లోపు ఉన్న సంస్థలో వేతన కాలం ముగిశాక ఏడో రోజు లోపు జీతం ఇవ్వాల్సి ఉండేది. కాలం 20న ముగిస్తే 27 లోపు పడాలి, 7 దాకా ఆగడం కుదిరేది కాదు. ఇన్‌స్పెక్షన్‌లో చాలామంది ఇది గమనించేవారు కాదు, "7న ఇస్తున్నాం కదా" అనే ధీమా. భద్రతకు కావాల్సిన షూకు పనివాడి దగ్గర డిపాజిట్ తీసుకోవడం మరో తలనొప్పి. చట్టం ఒప్పుకునే కోతల జాబితాలో దానికి చోటు చూపించడం కష్టం. పైగా మధ్యలో వెళ్లినవాళ్లకు ఆ డిపాజిట్ తిరిగి ఇవ్వలేదన్న మాట సత్యవేడు బస్టాండు దాకా పాకింది.

జీతం వైపు మార్చినవి

వేతన కాలాన్ని క్యాలెండర్ నెలకు మార్చారు: 1 నుంచి నెలాఖరు, చెల్లింపు 7 లోపు. అంబత్తూరు నుంచి రెండు అభ్యంతరాలు వచ్చాయి. ఓవర్‌టైమ్ కాగితాలు షిఫ్టుల వారీగా చేత్తో సరిచూస్తారు, దానికి పది రోజులు కావాలన్నది మొదటిది. ఓవర్‌టైమ్ అనుమతిని పని ముగిశాక కాకుండా అదే షిఫ్టులో సూపర్‌వైజర్ బయోమెట్రిక్ సిస్టంలో నమోదు చేసేలా మార్చితే సరిచూడటానికి మూడు రోజులు చాలాయి. రెండోది నగదు. మార్చిన నెలలో పది రోజుల జీతాలు ఒకసారి ముందుకు జరుగుతాయి. ఖర్చు పెరగదు కానీ డబ్బు ముందే కదలాలి. ఫైనాన్స్‌కు ఇది ముందుగా చెప్పకపోతే నెలాఖరులో అంతా ఆగిపోతుంది. పెద్ద కస్టమర్ బిల్లు వసూలయ్యే నెల చూసుకుని చేశారు.

చేరికలు ఎప్పుడు పడితే అప్పుడు కాకుండా నెలకు రెండు తేదీలు: 1, 16. సెలవు పడితే మరుసటి పనిరోజు. చేరిన రెండో శనివారం ₹3,000 అడ్వాన్స్, దాన్ని రెండో, మూడో జీతాల్లో సగం సగం పట్టుకుంటారు. మొదటి జీతంలో పట్టకూడదు, పడితే అడ్వాన్స్ ఇచ్చిన ప్రయోజనమే ఉండదు. యూనిఫాం, షూ ఉచితం. క్యాంటీన్, బస్సు కోతలు హాజరైన రోజులకే. పై కుర్రాడి లెక్కే తీసుకుంటే ఈ రెండు మార్పులతోనే 2,314 కాస్తా 4,533 అవుతుంది.

అన్నిటికంటే చవకైనది ఒక కాగితం. తెలుగు ఒక వైపు, తమిళం ఒక వైపు. మీరు చేరే తేదీ, మొదటి జీతం పడే తేదీ, ఆ రోజు చేతికొచ్చే మొత్తం, పూర్తి నెలకు చేతికొచ్చే మొత్తం, పీఎఫ్‌గా మీ పేరున జమయ్యేది. ఐదే గళ్లు, అంకెలు పెన్నుతో నింపి, చేరకముందే ఇస్తారు. సీటీసీ ఈ కాగితంలో ఎక్కడా ఉండదు. పెడితే మనిషి కళ్లు దాని మీదే ఆగుతాయి.

వేసిన జీతం ఖాతాలో పడకుండా వెనక్కి రావడం ఇంకో ఇబ్బంది, దానికి కారణం పేరు. ఆంధ్ర వైపు ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. ఇక్కడి క్లర్కు తమిళనాడు అలవాటు ప్రకారం తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్‌గా వేస్తాడు. బ్యాంకులో ఒక పేరు, ఆధార్‌లో ఒకటి, యూఏఎన్‌ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు)లో మూడోది. కేవైసీ కలవదు, పీఎఫ్ పాత ఖాతా కలవదు. చేరిక ఫారంలో పేరును ఆధార్ చూసి అక్షరం అక్షరం ఎక్కించాలి. పాత యూఏఎన్ ఉంటే వెనకటి కంపెనీ నిష్క్రమణ తేదీ వేసిందో లేదో అదే రోజు చూడాలి. వేయకపోతే చివరి పీఎఫ్ జమ తర్వాత రెండు నెలలకు ఉద్యోగి తానే పోర్టల్‌లో వేసుకోవచ్చు. ఇది తెలియక ఏళ్ల తరబడి డబ్బు ఇరుక్కున్నవాళ్లు బోలెడు.

ఏజెంటు

మనిషికి ₹3,000 చొప్పున, 30 రోజులు నిలిస్తే చెల్లింపు. ఈ షరతు పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే, ఫలితం తిరగబడింది. 31వ రోజు నుంచి ఆ మనిషి ఇక్కడ ఉంటే ఏజెంటుకు ఒరిగేది లేదు, పక్క కంపెనీకి మారితే ఇంకో మూడు వేలు. మొదటి జీతం చూసి కుంగినవాడికి సరిగ్గా అప్పుడే ఫోన్ వస్తుంది.

అదే మూడు వేలను 45వ రోజు వెయ్యి, 100వ రోజు రెండు వేలుగా విడగొట్టారు. నలుగురు ఏజెంట్లలో ఇద్దరు మానుకున్నారు, మానుకోనీ. అభ్యర్థి దగ్గర పైసా వసూలు చేసినట్టు తేలితే ఒప్పందం రద్దు. చేరిక రోజున ప్రతి ఒక్కరినీ "నీకు ఎంతని చెప్పారు?" అని అడిగి రాసుకుంటారు. చెప్పినదానికీ చేతికొచ్చేదానికీ ఐదు వందలకు మించి తేడా ఉంటే అదే రోజు ఏజెంటుకు ఫోన్.

పనివాళ్లే తెచ్చే రెఫరల్స్ మెరుగ్గా నిలుస్తాయి, కానీ వాటికో తంటా ఉంది. ఒకే ఊరి నుంచి ఎనిమిది మంది ఒకే లైన్లో ఉంటే ఒకడితో సూపర్‌వైజర్ గొడవ పడ్డ రోజు ఎనిమిది మందీ బస్సెక్కరు. ఒక ఊరివాళ్లు ఒక షిఫ్టులో ఒకే లైన్లో నలుగురికి మించకూడదని పెట్టుకున్నారు. ఒకే షిఫ్టులో వేరే లైన్లలో ఉండొచ్చు, బస్సులో తోడు దొరుకుతుంది.

ఇవన్నీ చేయడానికి యాజమాన్యం ఒప్పుకున్నది ఒక్క లెక్క చూసి. నలభయ్యో రోజు వెళ్లిపోయినవాడి మీద అయిన ఖర్చు: ఏజెంటు 3,000, మెడికల్ 700, యూనిఫాం, షూ 1,900, మూడు రోజుల ఇండక్షన్‌కు కంపెనీకి పడే రోజు ఖర్చు సుమారు ₹705 చొప్పున 2,115, సగం ఉత్పత్తే వచ్చే పదిహేను రోజులకు సుమారు 5,290. మొత్తం పదమూడు వేలు, స్క్రాప్ కలపకుండానే. 26 నుంచి 50 రోజుల మధ్య వెళ్లిన 27 మందికే దాదాపు మూడున్నర లక్షలు.

ఎంపిక: ఏసీ గదిలో కాదు, ఫర్నేసు పక్కన

పాత పద్ధతిలో ఇంటర్వ్యూ అంటే హెచ్ఆర్ గదిలో ఐదు నిమిషాలు. ఏ ఊరు, ఏం చదివావు, షిఫ్టు చేస్తావా. "చేస్తాను సార్" అనని అభ్యర్థి లేడు.

ఇప్పుడు రెండున్నర గంటలు పడుతుంది. కాగితాలు చూశాక మొదట నలభై నిమిషాలు షాపు లోపల, అదీ మధ్యాహ్నం ఒంటి గంటకు. అల్యూమినియం ఏడు వందల డిగ్రీల దగ్గర కరిగి ఉంటుంది. డై మీద స్ప్రే కొట్టినప్పుడు లేచే ఆవిరి, ట్రిమ్మింగ్ ప్రెస్ మోత, గ్లవ్స్ వేసుకున్నా తగిలే సెగ, అన్నీ చూపిస్తారు. నడిపించేది హెచ్ఆర్ మనిషి కాదు, రెండేళ్ల అనుభవం ఉన్న ఆపరేటర్. ఆ తర్వాత వెళ్లిపోయేవాళ్లను ఎవరూ బతిమాలరు. పైన చెప్పిన పదమూడు వేలు పడకముందే వాళ్లు నిర్ణయం తీసుకున్నారు, అంతే.

ఉండిపోయినవాళ్లకు చేతిపని పరీక్ష. ఫెట్లింగ్‌కు (అంచులు గీకే పని) ఇరవై కాస్టింగ్‌లు ఇచ్చి అంచున పొడుచుకొచ్చిన బర్ తీయమంటారు. వేగం కంటే పదిహేనో పీసు తర్వాత కూడా శ్రద్ధ నిలుస్తుందా అన్నది చూడాలి. తనిఖీ పనికి ముప్పై పీసుల్లో ఆరు లోపాలున్నవి కలిపి ఇస్తారు: కోల్డ్ షట్ (లోహం సరిగా అతకని గీత), పోరోసిటీ (లోహంలో చిన్న బొక్కలు), పగులు. ముందు ఐదు నిమిషాలు మంచి పీసు, చెడ్డ పీసు పక్కపక్కన చూపించాలి, లేదంటే పాత అనుభవాన్నే కొలిచినట్టవుతుంది. దగ్గరి చూపు, రంగుల గుర్తింపు పరీక్ష తప్పనిసరి. వీటిని వదిలేసి తనిఖీకి తీసుకుంటే మూడో వారంలో కస్టమర్ రిజెక్షన్ వచ్చాక తెలుస్తుంది.

సీఎన్‌సీకి వెర్నియర్, మైక్రోమీటర్ రీడింగ్‌లు ఐదు, ఆపై ఒక ప్రశ్న: లేత్ మీద 25.00 మి.మీ. వ్యాసం రావాల్సిన చోట 25.03 వస్తోంది, ఎక్స్ ఆఫ్‌సెట్ (టూల్‌ను జరిపే సవరణ) ఎంత, ఏ వైపు? డయామీటర్ మోడ్‌లో మైనస్ 0.03. 0.015 అన్నవాడిని వెంటనే తప్పు అనేయకూడదు, ఏ మెషీన్ నడిపావని అడగాలి. రేడియస్ లెక్కలో అలవాటుపడినవాడు కావచ్చు. జవాబు కంటే అతని వివరణ ఎక్కువ చెబుతుంది.

చివర్లో ప్రశ్నలు. అందరికీ అవే, అదే వరుసలో. ఇద్దరు అడుగుతారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే విడివిడిగా ఐదుకు మార్కులు వేస్తారు. ఇలా క్రమం ప్రకారం జరిగే ఇంటర్వ్యూలు ఊసుపోక మాటల ఇంటర్వ్యూల కంటే పనితీరును మెరుగ్గా ఊహిస్తాయని దశాబ్దాల పరిశోధన చెబుతోంది. "పాత ఉద్యోగం ఎందుకు మానేశావు" అనేది చచ్చిన ప్రశ్న. "అక్కడ మొదటి జీతం ఏ తేదీన పడింది, ఎంత పడింది, అప్పుడేం చేశావు" అంటే మనిషి మాట్లాడతాడు. "ఆరు గంటల షిఫ్టుకు బస్సు స్టాప్ దాకా ఎలా వస్తావు, ఎవరు దింపుతారు" అన్నది కూడా. పెళ్లి, గర్భం, కులం ప్రస్తావన ఏ రూపంలోనూ రాకూడదని ప్రశ్నల కాగితం పైనే రాసి ఉంది.

మాట్లాడటం వేరు, చదవడం వేరు

సరిహద్దు ఫ్యాక్టరీల్లో ఎవరూ పట్టించుకోని ఇబ్బంది ఇది. సత్యవేడు కుర్రాడు తమిళం గడగడా మాట్లాడతాడు. సూపర్‌వైజర్ అతనికి తమిళం వచ్చనుకుంటాడు. గోడ మీది వర్క్ ఇన్‌స్ట్రక్షన్ తమిళంలో ఉంటుంది, అతనికి ఒక్క అక్షరం రాదు, ఆ మాట చెప్పుకోవడానికి నామోషీ. పక్కనున్న పొన్నేరి కుర్రాడిది దీనికి సరిగ్గా తలకిందులు. ఇంట్లో తెలుగే, చదువు తమిళ మీడియం. అతనికి తెలుగు పోస్టరు ఇచ్చి మేలు చేశామనుకుంటే అదీ వృథాయే.

అందుకే చేరిక ఫారంలో "మాతృభాష" గడి తీసేసి రెండు గళ్లు పెట్టారు: ఇంట్లో మాట్లాడేది, చదవగలిగేది. రెండో గడిని మాట మీద నింపరు, ఒక వాక్యం చదివించి నింపుతారు. వన్ పాయింట్ లెసన్‌లు (ఒక్కో కాగితంలో ఒక్కో విషయం నేర్పేవి) ఫోటోలతో, తెలుగు, తమిళం, హిందీ మూడింటిలో. డై కాస్టింగ్‌లో వేలు, చెయ్యి పోయే ప్రమాదమున్న చోట్ల రాత మీద ఆధారపడకుండా రంగు, బొమ్మ.

ప్రతి కొత్త మనిషికీ మొదటి ముప్పై రోజులు ఒక జతగాడు: అదే లైన్, అదే షిఫ్టు, అతను చదవగలిగే భాష. జతగాడికి నెలకు ₹500, కొత్తవాడు 60వ రోజు కూడా ఉంటే ఇంకో 500. సూపర్‌వైజర్లకు పెట్టింది ఒక్కటే: కొత్తవాడిని మొదటి పదిహేను రోజుల్లో వేరే లైనుకు అరువు పంపకూడదు. మనిషి తక్కువైన ప్రతి చోటికీ తోసేది కొత్తవాళ్లనే, రోజుకో మెషీన్ మీద నిలబడ్డవాడికి ఏ పనీ చేతికి అలవాటు కాదు.

సూపర్‌వైజర్ల వారీగా వలసల పట్టిక వేయాలని అందరికీ తోస్తుంది. వేయండి, కానీ ఆరుగురు చేరి నలుగురు వెళ్లిన లైన్‌ను చూపించి ఒకరిని దోషిని చేయకండి. కాస్టింగ్ లైన్‌ను తనిఖీ లైన్‌తో పోల్చడం కాదు, అదే లైన్‌ను మూడు షిఫ్టుల మధ్య పోల్చాలి.

హాజరు బోనస్, జాతర, బస్సు

ఒక్క రోజు కూడా సెలవు పెట్టకపోతే ₹1,000 హాజరు బోనస్ ఉండేది. నాలుగో తేదీన జ్వరం వచ్చి ఒకరోజు రానివాడికి ఆ నెల బోనస్ ఎలాగూ పోయింది, ఇక మిగతా రోజులు రావాలన్న పట్టు ఏముంటుంది? ఒక సెలవు తర్వాత రెండోది, మూడోది చకచకా వచ్చాయి. మెట్లుగా మార్చారు: సున్నా సెలవుకు 1,000, ఒకటికి 700, రెండుకు 400. ముందే చెప్పి తీసుకున్న సెలవు లెక్కలోకి రాదు.

సంక్రాంతికి పొంగల్ సెలవులతో సర్దుబాటు అవుతుంది, ఉగాది తమిళనాడు సెలవుల జాబితాలో ఉంది. ఏ జాబితాలోనూ లేనిది ఊరి జాతర. దానికి మానకుండా ఉండేవాడు లేడు, అడిగితే ఇవ్వరని చెప్పకుండా మానేస్తాడు, తిరిగొస్తే తిడతారని అసలే రాడు. చేరిక ఫారంలోనే "మీ ఊరి జాతర ఏ నెలలో" అని అడిగి ఆ రెండు రోజులు ముందే ప్లాన్‌లో వేస్తే పోయేదేమీ లేదు.

షిఫ్టు మార్పిడి రాత్రి నుంచి మధ్యాహ్నానికి, అక్కణ్నుంచి ఉదయానికి వెనక్కి నడిచేది. దాన్ని ఉదయం, మధ్యాహ్నం, రాత్రిగా ముందుకు తిప్పారు. నిద్రకు ఇది కాస్త తేలిక. రాత్రి పది గంటలకు వదిలే రెండో షిఫ్టు బస్సు తడ వైపు హైవే మీదే దింపేసి వెళ్లేది. ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న తనిఖీ విభాగంలో రెండో షిఫ్టుకు మనుషులు దొరకకపోవడానికి అదే కారణం. బస్సును ఊళ్లోకి మళ్లించడానికి రోజుకు అదనంగా పట్టింది ఇరవై నిమిషాలు.

ఈఎస్ఐ డిస్పెన్సరీని అందరికీ గుమ్మిడిపూండి పేరునే ఎక్కించేవారు. కుటుంబం ఆంధ్రలో ఉన్నవాళ్లకు అక్కడి డిస్పెన్సరీ ఎంచుకునే వీలు నమోదులోనే ఉంది. చేరిన రోజు నుంచే వైద్యం దొరుకుతుందని, జబ్బు సెలవుకు 70 శాతం నగదు రావాలంటే మాత్రం ఆరు నెలల కాలంలో 78 రోజుల చందా ఉండాలని కూడా అప్పుడే చెబుతున్నారు.

ఆరు నెలల తర్వాత

చేరినవాళ్లు 84, 90వ రోజుకు ఉన్నవాళ్లు 63. పోయిన 21లో మొదటి వారం 5, 25వ రోజు దాకా 5, 26 నుంచి 50 మధ్య 7, తర్వాత 4. మొత్తం మీద 55 శాతం నుంచి 75కు. ఇందులో ఏ మార్పు వాటా ఎంతో విడదీయలేం, అన్నీ దాదాపు కలిసే మొదలయ్యాయి. పైగా పాత ఆరు నెలల్లో ఎండాకాలం ఉంది, కొత్త ఆరు నెలల్లో లేదు; దీపావళి దాకా ఆగుదామనే అలవాటు కూడా ఈ రెండోదానికి కలిసొస్తుంది. మొదటి వారం తగ్గుదలను కొంత వాతావరణం ఖాతాలో వేయక తప్పదు. 26 నుంచి 50 మధ్య గుట్ట కూలడానికి మాత్రం వాతావరణంతో పని లేదు. 8 నుంచి 13 తేదీల గుంపు మాయమైంది.

పాతవాళ్ల జబ్బు

ట్రైనీలను 15, 16 నెలలు దాటగానే ఆపేసి, కొన్నాళ్లకు మళ్లీ తీసుకునే అలవాటు ఇక్కడా ఉండేది. కారణం 1981 నాటి తమిళనాడు చట్టం: 24 నెలల్లో 480 రోజుల నిరంతర సర్వీసు పూర్తయిన కార్మికుడిని పర్మనెంట్ చేయాలి. దాన్ని తప్పించుకోవడానికి వేసే బ్రేక్ వివాదంలో నిలబడుతుందన్న నమ్మకం లేదు. అంతకంటే ముందు అది తయారైన ఆపరేటర్‌ను శ్రీసిటీకో చెన్నై దగ్గరి ఒరగడం పారిశ్రామికవాడకో చేజేతులా అప్పగించడం. 300వ రోజున లైన్, క్వాలిటీ, హెచ్ఆర్ ముగ్గురూ కలిసి అంచనా వేసి, ఉంచుకోదలిచినవాళ్లకు ఏడాది ముగిసేలోపే పర్మనెంట్ లెటర్ ఇస్తున్నారు. కాదనుకున్నవాళ్లకు అప్పుడే చెబుతున్నారు. 2025 నవంబర్ 21 నుంచి లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ లెక్క మొదలవుతుంది. ఆ దారిలో ఖర్చు తగ్గుతుందన్న ఆశ కూడా పోయింది. రాజీనామా చేసినవాడి జీతం బాకీ రెండు పనిరోజుల్లో తేల్చాలన్న నిబంధన పనివాళ్ల కంటే కంపెనీకే ఎక్కువ మేలు చేసింది. రెండు నెలలు తిప్పించుకున్నవాడు ఊళ్లో చెప్పే మాట ఏ ఏజెంటూ తుడిచేయలేడు.

సీఎన్‌సీ వాళ్లు వెళ్లేది నిజంగానే డబ్బు కోసం. ఒక్కడే జాబ్ సెట్టింగ్ మార్చగలిగినవాడికీ, బటన్ నొక్కే ఆపరేటర్‌కూ మధ్య తేడా ₹300 ఉంటే ఎవరు ఉంటారు? నాలుగు స్థాయిలు పెట్టి, మూడో స్థాయికి (ఒంటరిగా సెట్టింగ్) ₹1,500, నాలుగో స్థాయికి (ప్రోగ్రాం దిద్దడం) ₹2,800 అదనం చేశారు. పరీక్ష మెషీన్ మీదే, ఏడాదికి రెండుసార్లు.

ఇక్కడ అనుకోని చోట అడ్డు తగిలింది. గ్రాస్ ₹20,400 ఉన్న సెట్టర్‌కు 1,500 కలిస్తే ఈఎస్ఐ పరిమితి ₹21,000 దాటుతుంది. తల్లికి చికిత్స ఈఎస్ఐలో జరుగుతున్నవాళ్లు పెంపు వద్దన్నారు. చందా కాలం మధ్యలో పరిమితి దాటితే ఆ కాలం ముగిసేదాకా, అంటే సెప్టెంబర్ 30 లేదా మార్చి 31 వరకు, కవరేజీ కొనసాగుతుంది. మార్చి నెలాఖరున పెంచితే వారంలో పోతుంది, ఏప్రిల్ మొదలయ్యాక పెంచితే ఆరు నెలలు ఉంటుంది. పెంపును ఏప్రిల్ 10 నుంచి వేశారు. ఆ ఆరు నెలల్లో తల్లిదండ్రులను కూడా కలుపుకునే గ్రూప్ వైద్య బీమాకు కొటేషన్లు తెప్పిస్తున్నారు. ఇప్పటికే ఉన్న జబ్బులకు మొదటి రోజు నుంచి వర్తించని పాలసీ అయితే సెట్టర్లు ఒప్పుకోరు, అందుకని కొటేషన్లలో మొదట చూస్తున్నది ఆ షరతునే.